తీగ వచ్చింది ఎవరి కోసం?

మంచిర్యాల చరిత్ర చెప్పేవాళ్లు రైలుతో మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తి కావడంతో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు దేశపటం మీదికి ఎక్కింది. అయితే ఆ పట్టాల వెంట తంతి స్తంభాలు కూడా నడిచి వచ్చాయన్న సంగతి మన చరిత్రల్లో ఒక వాక్యానికి కూడా నోచుకోలేదు. ఇంటర్నెట్‌ను గురించి మాట్లాడదలచుకున్నవాడు అక్కడినుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ ప్రాంతానికి వచ్చిన ప్రతి తీగా ఇక్కడి మనుషుల కోసం వచ్చింది కాదు. బొగ్గు పోవడానికి పట్టాలు వచ్చాయి. ఆ బండ్లు ఢీకొనకుండా నడవడానికి తంతి వచ్చింది. 1983లో రామగుండం జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టాక, గోదావరి నీళ్లతో, సింగరేణి బొగ్గుతో పుట్టిన కరెంటును దక్షిణాది నగరాలకు మోసుకుపోయే పెద్ద పెద్ద తీగలు మన చేల మీదుగా వెళ్లాయి. వాటి కింద చేసుకున్న సేద్యం చాలాకాలం కిరసనాయిలు దీపంతోనే సాగింది. టెలిఫోను కథా ఇంతే. మా చిన్నతనంలో ట్రంక్‌కాల్ అంటే పోస్టాఫీసులో బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవడం. చావు కబురు చెప్పడానికి తప్ప మామూలు మనిషి ఆ పని చేసేవాడు కాదు.

1984లో సీ-డాట్ ఏర్పడడం ఇక్కడ గుర్తు చేసుకోదగిన విషయం. విదేశీ ఎక్స్ఛేంజీలు ఏసీ గదుల్లో తప్ప బతకలేవు. మన ఇంజనీర్లు 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని ఏసీ అవసరం లేకుండా, మన దుమ్మునూ వేడినీ తట్టుకునేట్టు తయారుచేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. ఆ తర్వాత పదిహేనేళ్లు బస్టాండుల ముందు వెలసిన పసుప్పచ్చ ఎస్టీడీ బూతులకు మూలం అదే. ప్రభుత్వ ధనంతో, ప్రభుత్వ రంగంలో, పల్లెను దృష్టిలో పెట్టుకొని చేసిన పని ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. ప్రైవేటు కంపెనీల సామర్థ్యాన్ని గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు దీన్ని సౌకర్యంగా మర్చిపోతుంటారు.

1991 తర్వాత వరస మారింది. నగరాల్లో లాభం ఉంది కనుక కంపెనీలు నగరాల్లో తవ్వాయి. పల్లె కోసం 2002లో సార్వత్రిక సేవా నిధి అని ఒకటి పెట్టి, కంపెనీల ఆదాయం నుంచి కొంత శాతం అందులో జమచేయించారు. వసూలైనంత వేగంగా అది ఖర్చు కాలేదు. చివరికి 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆ నిధితోనే జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కును ఆమోదించింది. అంచనా 20,000 కోట్లు, లక్ష్యం రెండున్నర లక్షల పంచాయతీలు, గడువు రెండేళ్లు. 2015లో దాని పేరు భారత్‌నెట్ అయింది. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యాయని ప్రకటించేసరికి 2017 ముగిసింది. 2023 ఆగస్టులో మళ్లీ కొత్త రూపం ఇచ్చి 1,39,579 కోట్లు కేటాయించారు. పాతిక కోట్ల ఇళ్లున్న దేశంలో ఈసారి పెట్టుకున్న లక్ష్యం కోటిన్నర ఇళ్లు.

ఈ ఆలస్యానికి గుత్తేదార్లను తిట్టి ఊరుకుంటే సరిపోదు. అసలు లోపం నమూనాలోనే ఉంది. ఆ తీగను మండల కేంద్రం నుంచి పంచాయతీ ఆఫీసు గోడ దాకా మాత్రమే తెచ్చేట్టు రూపొందించారు. అక్కడినుంచి ఇంటికి ఎవరు తేవాలి? మార్కెట్ తెస్తుందనుకున్నారు. కైకిలి చేసుకునే ఇంటికి మార్కెట్ ఎందుకు వస్తుంది? పెట్టె పంచాయతీ గోడకు వేలాడింది, ఆఫీసు తలుపుకు తాళం వేలాడింది. దీనికి తోడు 2018లో తెలంగాణలో తండాలు, గూడేలు కొత్త పంచాయతీలయ్యాయి. మొత్తం సంఖ్య 12,700 దాటింది. పాత లెక్క ప్రకారం గీసిన పటంలో అవి పంచాయతీలుగా లేనే లేవు.

తీగ ఎట్లా పోవాలన్నదీ చిన్న ప్రశ్న కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా లాగారు. చవకా, వేగమూ. 2016 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామాన్ని ముందు చూపించి, మర్నాడు రాష్ట్రమంతా అదేనన్నట్టు చెప్పుకున్నారు. తుపానుకు స్తంభం కూలితే కరెంటుతో పాటు తీగా పోతుందన్న సంగతి తర్వాత మాట. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకంలోనే ఫైబర్‌కూ గొట్టం వేశారు. ఒకసారి తవ్వి రెండు పనులు చేసుకోవడం తెలివైన ఆలోచన, ఒప్పుకోవాలి. కాని గొట్టం వేయడం వేరు, అందులో వెలుగు పారడం వేరు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ఇళ్లకు సేవ మొదలుపెట్టిన కొద్ది గ్రామాల్లో మనకు దగ్గరది గోదావరి అవతల, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్. కందకాలు తవ్వడానికీ దీనికీ మధ్య ఎనిమిదేళ్లు గడిచాయి.

అడవి వైపు కథ ఇంకొకటి. జన్నారం పరిసరాలు 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ టవరు వేయాలన్నా, కందకం తవ్వాలన్నా అనుమతులు కావాలి. అడవిని కాపాడవలసిందే, అందులో నాకు పేచీ లేదు. బొగ్గు కోసం అడవి పోయినప్పుడు దొరికిన అనుమతి గూడేనికి సిగ్నల్ కోసం ఎందుకు అంత సులువుగా దొరకదన్నదే నా ప్రశ్న. ఇంకొక మాట. 2014లో పది రాష్ట్రాల అటవీ ప్రాంతాలకు రెండువేలకు పైగా టవర్లు మంజూరు చేసిన పథకం పేరు ఆదివాసుల పేరున లేదు, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల పేరున ఉంది. చదువు కోసం, దవాఖానా కోసం కదలని ఫైలు భద్రత కోసం కదిలింది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది: పల్లెలో ఇంటర్నెట్ అందుబాటులోకి రాకముందే తప్పనిసరి అయింది. రేషను బియ్యానికి వేలిముద్ర. 2020 అక్టోబరులో ధరణి వచ్చాక భూమికి కంప్యూటరు. అంతకు నెల ముందు, సెప్టెంబరు 1న, పిల్లల చదువు టీవీకి, ఫోనుకు మారింది. ఇంట్లో ఒకే ఫోను ఉండి అది తండ్రి వెంట పనికి పోతే ఆ పిల్లకు బడి లేనట్టే. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకు రెండుసార్లు ఫోటో తీసి ఎక్కిస్తేనే హాజరు. అడవి దగ్గరి ఒక ఊళ్లో మేట్ ఫోను చేత్తో ఎత్తిపట్టుకొని గుట్ట ఎక్కుతుంటే, కింద మట్టి తవ్విన ఆడవాళ్లు తలెత్తి చూస్తూ నిలబడడం నేను చూశాను. వాళ్లు చెమటోడ్చిన మాట నిజం, దానికి సాక్ష్యం మాత్రం సిగ్నల్ చెప్పాలి. పాత పట్వారీ దఫ్తరులో పేరు ఎక్కించుకోవడానికి వంగి నిలబడ్డ రైతుకూ వీళ్లకూ తేడా ఏమిటని ఆ పూట అనిపించింది.

దీనికి మార్గాంతరం లేదా? అమెరికాలో 1930లలో కరెంటు కంపెనీలు పొలాలకు తీగ లాగడం గిట్టదన్నాయి. 1936 చట్టంతో ప్రభుత్వం అప్పిచ్చింది, రైతులు సహకార సంఘాలు పెట్టుకొని స్తంభాలు తామే నాటుకున్నారు. అంత దూరం పోనక్కరలేదు. అదే నమూనాలో 1970లో మన కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం మొదలైంది. దేశంలో మొదట ఏర్పడ్డ అయిదింటిలో అదొకటి. దానిలో రాజకీయాలు లేవని కాదు, బకాయిలు లేవని కాదు. నష్టాల పద్దులు చూపి దాన్ని పెద్ద సంస్థలో కలిపేయాలన్న మాట కూడా వినిపిస్తూ వచ్చింది. అయినా మరమగ్గం నడిపే కార్మికుడు, బావి మోటారున్న రైతు అందులో వాటాదార్లు. కరెంటు పోతే ఎవరిని నిలదీయాలో వాళ్లకు తెలుసు. 2022 డిసెంబరులో అక్కడ డైరెక్టర్ల ఎన్నికలు జరిగితే అసెంబ్లీ ఎన్నికలంత హడావుడి అయింది. ఫైబర్ తీగ మోసే సంస్థకు అట్లాంటి ఎన్నిక లేదు. దాని కార్యాలయం హైదరాబాదులో ఉంది.