డెనిసోవా రాతి కంకణం

దక్షిణ సైబీరియాలోని ఆల్టై పర్వతాల్లో, అనుయ్ నదీలోయలో ఉన్న డెనిసోవా గుహలో 2008లో దొరికిన ప్రాచీన శిలాయుగపు ఆభరణం. ముదురు ఆకుపచ్చ క్లోరైటుతో చేసిన ఈ కంకణంలో మిగిలినవి రెండు ముక్కలే. వాటి వంపును బట్టి పూర్తి కంకణం వ్యాసం సుమారు 7 సెంటీమీటర్లని అంచనా వేశారు, వెడల్పు 2.7, మందం 0.9 సెంటీమీటర్లు. ప్రస్తుతం ఇది నొవొసిబిర్‌స్క్‌లోని ఒక సంగ్రహాలయంలో ఉంది.

అసలు ఆశ్చర్యం పనితనంలో ఉంది. క్లోరైటు పెళుసు రాయి, పైగా గుహ చుట్టుపక్కల దొరికేది కాదు. 200 కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. దాన్ని అరగదీసి, లోపలి భాగాన్ని తొలిచి, నునుపుదేల్చారు. ఒక ముక్కకు సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది. అందులోని గీతలను చూస్తే, తొలిచిన పరికరం పెద్దగా ఊగకుండా వేగంగా తిరిగిందని తెలుస్తుంది. రంధ్రం దగ్గరి అరుగుదలను బట్టి తోలుతాడుతో ఏదో బరువైన లోలకం వేలాడదీసేవారని ఊహిస్తున్నారు.

కంకణం దొరికిన పదకొండో పొరలోనే ఒక చిన్న వేలి ఎముక కూడా దొరికింది. 2010లో దాని డీఎన్‌ఏ ద్వారానే డెనిసోవన్లు అనే మానవజాతి వెలుగులోకి వచ్చింది. అందుకే కంకణాన్ని కూడా వాళ్లే చేశారని, దాని వయసు 40 వేల ఏళ్లకు పైమాటేనని తవ్వకాలు జరిపిన అనతోలి దెరెవ్యాంకో, మిఖాయిల్ షుంకోవ్‌ల వాదన. అయితే ఒకే పొరలో ఉన్నంత మాత్రాన చేసినవారెవరో తేలిపోదు. ఆ పొరలు తర్వాతి కాలంలో కలగాపులగమై ఉండవచ్చని, ఇది ఆధునిక మానవుల పనే కావచ్చని మరికొందరు అంటున్నారు.