విస్మృతియు ఆశ్రయమును

ముదిమిలోని మతిమరుపును లోకము చిరకాలము వయోధర్మమనియే భావించినది. 1906లో జర్మన్ వైద్యుడు ఆల్జ్‌హైమర్ ఒక రోగిణి మెదడును పరీక్షించి, అందలి వికారములను వెల్లడించినాడు. భారతదేశమున ఇట్టి రోగుల కుటుంబములకు తోడ్పడుటకు 1992లో కొచ్చిన్‌లో ఒక సంఘము వెలసినది. 2007 నాటి చట్టము జిల్లాకొకటియైనను వృద్ధాశ్రమము ఉండవలెననియు, అందు 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు కావలెననియు ఉద్దేశించినది. అది కప్పును గూర్చిన మాట. స్మృతిని గూర్చినది కాదు.

2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిమ్మట రాయపూర్ చెంత నయా రాయపూర్ రూపొందినది. 2018లో దానికి అటల్ నగర్ అను పేరు వచ్చినది. నగరము కొత్తదైనను అందు చేరు వృద్ధులు పాత ఊళ్లవారే. పాత వీధిలో దారి తప్పిన పెద్దను ఇరుగుపొరుగువారు చేయిపట్టి ఇల్లు చేర్చుదురు. కొత్త వీధిలో ఆయన ఎవరి తండ్రియో ఎరిగినవారు అరుదు. కావున అచటి ఆశ్రయము గోడలతో ముగియరాదు. పేరు పెట్టి పిలుచు మనుష్యులను, మారని దినచర్యను గూడ సమకూర్చవలెను.