కాలేజీ పిల్లలకు తేలికైన ల్యాప్‌టాప్: కొనే ముందు చూసుకోవలసిన విషయాలు

ప్రతి ఏటా అడ్మిషన్ల కాలం వచ్చేసరికి మా సంఘం ఆఫీసుకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా అమ్మాయి కాలేజీలో చేరుతోంది, ల్యాప్‌టాప్ ఏది కొనమంటారు?" నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే ఒకసారి తప్పుడు వస్తువు కొనిపించి, ఆ తర్వాత నేర్చుకున్నవాణ్ణి. ఆ అనుభవం మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కింద మా తమ్ముడి కూతురు హోసూరు నుంచి రోజూ బస్సులో బెంగళూరు వెళ్ళి చదివే బి.కాం.లో చేరింది. చీటీ పాడగా వచ్చిన డబ్బుతో మా తమ్ముడు 68 వేలు సిద్ధం చేశాడు. పెద్దవాణ్ణని నన్ను వెంట తీసుకెళ్ళాడు. "గేమింగ్ మోడల్ తీసుకోండి సార్, ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు దుకాణంలో అబ్బాయి. నేను సరేనన్నాను. ఇంటికొచ్చి తూస్తే ల్యాప్‌టాప్ 2.4 కిలోలు, ఛార్జర్ మరో 600 గ్రాములు. బ్యాటరీ రెండు గంటలు కూడా ఆగదు. క్లాసులో ప్లగ్ దొరకదు. పుస్తకాలు, టిఫిన్ డబ్బాతో పాటు మూడు కిలోలు భుజాన వేసుకుని బస్సులో నిలబడి వెళ్ళలేక నెల తిరక్కుండానే ఆ పిల్ల దాన్ని ఇంట్లో పెట్టేసింది. తప్పు యంత్రానిది కాదు, ఎంచుకున్న నాది.

ముందు కోర్సు సంగతి తేల్చుకోండి

దుకాణానికి వెళ్ళకముందే, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో కాలేజీలో సీనియర్లను అడగండి. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదివేవారికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. కామర్స్ పిల్లలు ట్యాలీ నేర్చుకోవాలి. అది విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. కాబట్టి చవగ్గా దొరుకుతోందని క్రోమ్‌బుక్ కొంటే చిక్కే. ప్రోగ్రామింగ్‌కు మామూలు ల్యాప్‌టాప్ చాలు, ర్యామ్ మాత్రం ఎక్కువ కావాలి. ఆర్కిటెక్చర్, మెకానికల్ డిజైన్ వంటి కోర్సులకు మాత్రమే విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న బరువైన మోడల్ అవసరం కావచ్చు. అదీ మొదటి ఏడాదే కొనాలా, కాలేజీ ల్యాబ్ సరిపోతుందా అని కనుక్కోండి.

బరువు, బ్యాటరీ

రోజూ మోసేవారికి 14 అంగుళాల తెర, ఒకటిన్నర కిలో లోపు బరువు సరిపోతుంది. 15.6 అంగుళాల మోడళ్ళు సాధారణంగా 1.6 నుంచి 1.8 కిలోల దాకా ఉంటాయి. హాస్టల్లో ఉండి గదిలోనే చదివేవారికి అవి ఫరవాలేదు. బరువు చూసేటప్పుడు ఛార్జర్‌ను కలిపి లెక్కవేయండి. టైప్-సి ఛార్జింగ్ ఉన్న మోడల్ అయితే ఛార్జర్ చిన్నది, పాడైతే సులువుగా దొరుకుతుంది.

బ్యాటరీ విషయంలో పెట్టె మీద రాసిన గంటలను నమ్మవద్దు. వాట్ అవర్ అనే అంకె చూడండి. 42 వాట్ అవర్ల బ్యాటరీ, సుమారు 8 వాట్లు వాడుకునే యంత్రంలో అయిదు గంటలు వస్తుంది. లెక్క అంతే. 50 లేదా ఆపైన ఉంటే మంచిది.

ప్రాసెసర్

పేరు చివర ఇంగ్లీషు అక్షరం 'యు' ఉంటే కరెంటు తక్కువ వాడే రకం. 'హెచ్' లేదా 'హెచ్‌ఎక్స్' ఉంటే బలమైనదే గానీ వేడి, బరువు, కరెంటు ఎక్కువ. డిగ్రీ చదువుకు ఇంటెల్ కోర్ ఐ3-1215యు, రైజెన్ 5-7530యు స్థాయివి బాగా సరిపోతాయి. సెలెరాన్ రకాలు టైపింగ్‌కు, వీడియో చూడడానికి పనికొస్తాయి. మూడేళ్ళ చదువుకు చాలవు.

రైజెన్ 7000 వరుసలో ఒక కిటుకు ఉంది. మొదటి అంకె మోడల్ సంవత్సరాన్ని మాత్రమే చెబుతుంది. లోపలి డిజైన్ ఏ తరానిదో మూడో అంకె చెబుతుంది. 7320లో అది 2, 7530లో 3. రెండూ 'ఏడువేల సిరీస్' అని ఒకే మాటతో అమ్ముతారు. మీరు మూడో అంకె చూడండి.

ర్యామ్, స్టోరేజి

ర్యామ్ 8 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత. 8 తీసుకుంటే, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా అని తప్పక అడగండి. చాలా పల్చటి మోడళ్ళలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. అలాంటివాటిలో కొన్ననాడు ఎంత ఉందో చివరిదాకా అంతే.

స్టోరేజి ఎస్ఎస్‌డి అయి ఉండాలి, 512 జీబీ మేలు, 256 కనీసం. బాగా చవకగా వచ్చే కొన్నిటిలో 64 జీబీ ఈఎంఎంసి ఉంటుంది. విండోస్ 11కు కావలసిన కనీస స్థలమే 64 జీబీ. మా వీధిలో ఒకరు అలాంటిది కొన్నారు. రెండు అప్‌డేట్లు వచ్చేసరికి ఫైలు దాచుకోవడానికి చోటు లేదు.

తెర ఫుల్ హెచ్‌డి, ఐపీఎస్ అని అడగండి. పక్కనుంచి చూసినా అక్షరం చెదరకూడదు.

తెలుగు టైపింగ్

మన ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు రాయడం ఇంట్లో నేర్పాల్సిన పనే అయింది. ఇతర రాష్ట్రాల్లోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. కాబట్టి కొన్న రోజే తెలుగు కీబోర్డు పెట్టించండి. పైసా ఖర్చు లేదు. విండోస్ సెట్టింగులలో భాషల విభాగానికి వెళ్ళి తెలుగు చేర్చితే చాలు. ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొట్టే ఫోనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. ఇవి యూనికోడ్‌లో రాస్తాయి. మా సంఘం పాత సభ్యుల జాబితాలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం కాని గుర్తులే కనిపిస్తాయి. పిల్లలకు ఆ బాధ అక్కర్లేదు.

పాతది కొనవచ్చా?

కొనవచ్చు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబయి లామింగ్టన్ రోడ్డులలో కంపెనీ ఆఫీసుల్లో వాడిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ మోడళ్ళు దొరుకుతాయి. గట్టివి. అయితే విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. ఏడో తరం వస్తువును ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. బ్యాటరీ మార్చడానికయ్యే ఖర్చు ముందే ధరలో కలిపి చూడండి. రాతపూర్వకంగా కనీసం ఆరు నెలల వారంటీ అడగండి.

డబ్బు సంగతి

ర్యామ్, ఎస్ఎస్‌డి చిప్‌ల ధరలు 2025 చివరి నుంచి పెరిగాయి. కాబట్టి నిరుడు పక్కింటివారు కొన్న ధర పట్టుకుని వెళ్ళవద్దు.

తమిళనాడు ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో, రెండేళ్ళలో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు ల్యాప్‌టాప్ లేదా టాబ్లెట్ ఇస్తామని ప్రకటించింది. అక్కడ చదువుతున్నవారు కొనేముందు మీ పిల్లల పేరు జాబితాలో ఉందేమో కాలేజీ ఆఫీసులో అడగండి. ఇతర రాష్ట్రాలవారు కూడా ఏదైనా పథకం ఉందా అని విచారించండి.

విద్యా రుణం తీసుకుంటున్నవారు గమనించాలి. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకంలో, కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చు కూడా ఉంది. దరఖాస్తులోనే ఆ మొత్తం చూపించండి.

'వడ్డీ లేని వాయిదాలు' అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, క్రెడిట్ కార్డు అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడుతుందో లేదో అడగండి. ల్యాప్‌టాప్ మీద కూడా జీఎస్టీ 18 శాతమే. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు వారంటీ అడిగితే చేతిలో కాగితం ఉండదు.

బిల్లు కట్టే రోజు

1. పెట్టె మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లులో సీరియల్ నంబరు ఒకటేనా చూడండి.
2. కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి వారంటీ ఎప్పటినుంచి మొదలైందో చూడండి.
3. ర్యామ్, స్టోరేజి, ప్రాసెసర్ చెప్పినవేనా, సెట్టింగులలో మీ ముందే చూపించమనండి.
4. కీబోర్డులో ప్రతి మీటా నొక్కించండి. కెమెరా, మైకు, వైఫై పరీక్షించండి.
5. విండోస్, ఆఫీసు అసలువేనా అడగండి. ఆఫీసు లేకపోతే లిబ్రే ఆఫీసు ఉచితంగా దొరుకుతుంది.
6. సర్వీస్ సెంటర్ మీ ఊళ్ళో ఉందా, పక్క ఊరికి వెళ్ళాలా కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యం, మోసేవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. ఆ రోజు మేమిద్దరం పెద్దవాళ్ళమే వెళ్ళాం, పిల్లను తీసుకెళ్ళలేదు. వచ్చి ఉంటే ఒక్కసారి చేత్తో ఎత్తి చూసి, "బరువుగా ఉంది పెదనాన్నా, వద్దు" అనేది. ఆ గేమింగ్ మోడల్‌ను తర్వాత నష్టానికి అమ్మి, 1.4 కిలోలది కొన్నాం. ఇప్పుడు అది రోజూ ఆమె సంచీలోనే ఉంటుంది. మా సంఘం ఉగాది ఆహ్వానం కూడా పోయిన ఏడు దాంట్లోనే, తెలుగులో టైపు చేసి ఇచ్చింది.