కర్మాగారం గేటు దగ్గరే ఆగిన హక్కు

జంషెడ్‌పూర్ కార్మిక చరిత్రలో 1928 సమ్మెల సంవత్సరం. టాటా ఉక్కు కర్మాగారంలో సమ్మె, లాకౌట్ నెలల తరబడి సాగగా, సుభాష్ చంద్రబోస్ జోక్యంతో సెప్టెంబరులో రాజీ కుదిరింది. ఆ రాజీ చరిత్రకెక్కింది. అదే ఏడు కంపెనీ ప్రవేశపెట్టిన ప్రసూతి భృతి మాత్రం అరుదుగానే ప్రస్తావనకు వస్తుంది.

ఆనాడే బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థించారు. తల్లికి విశ్రాంతి దేశ ప్రయోజనమనీ, ఆ భారంలో అధిక భాగం ప్రభుత్వమే మోయాలనీ వాదించారు. 1929లో బొంబాయి చట్టం వచ్చింది. భారం యజమానిపై పడింది. దేశవ్యాప్త చట్టానికి 1961 దాకా ఆగవలసి వచ్చింది.

పసిబిడ్డకు తల్లి ఎడబాటు ఎంత హానికరమో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ 1951లో నివేదించారు. ఎడబాటుకు గురైన శిశువు మొదట ఏడ్చి ప్రతిఘటిస్తుంది, పిదప నిరాశలో మునుగుతుంది, చివరకు ఎవరినీ పట్టించుకోనట్లు ముడుచుకుంటుంది. ఆ మౌనాన్ని పెద్దలు ‘అలవాటుపడింది’ అని పొరబడతారు. 1972లో మైకేల్ రట్టర్ ఈ వాదాన్ని సవరించారు: ప్రతి ఎడబాటూ హాని చేయదు, తల్లి లేని వేళ బిడ్డను ఎవరు, ఎలా చూస్తున్నారన్నదే కీలకం. అనగా దోషం పనికి వెళ్ళే తల్లిది కాదు, ప్రత్యామ్నాయం చూపని వ్యవస్థది.

ఆ ప్రత్యామ్నాయాన్ని మన చట్టాలు తలలు లెక్కించి ఇచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీలున్న చోటే శిశుసంరక్షణ గది ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్య 30 అయింది. 2017 సవరణ సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచి, 50 మంది ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్‌ను తప్పనిసరి చేసింది. తల్లి రోజుకు 4 సార్లు బిడ్డను చూసిరావచ్చునన్నది. ఇవన్నీ పనివారి లెక్కలే. వీటిలో బిడ్డల లెక్క లేదు.

అదే నగరంలో ఇటుకల తట్ట మోసే రేజాకు సంస్థ ఏది? హాజరుపట్టీ ఏది? ఆహార భద్రతా చట్టం 2013లో గర్భిణికి కనీసం 6,000 రూపాయలు వాగ్దానం చేసింది. 2017 నాటి మాతృవందన యోజన తొలి కాన్పుకు 5,000 రూపాయలతో సరిపెట్టింది. ఆ సొమ్ముతో ఆమె ఎన్నాళ్ళు బిడ్డ చెంత ఉండగలదు?

1928లో కర్మాగారంలో అడుగుపెట్టిన హక్కు, నూరేళ్ళు కావస్తున్నా, గేటు దాటి బయటకు రాలేదు. తల్లి ఏ కొలువులో ఉన్నదని అడగకుండా బిడ్డకు రక్షణ దక్కిన నాడే అంబేడ్కర్ వాదానికి జవాబు దొరికినట్లు.