మోటుపల్లి యభయము - పెద్ద అంబర్‌పేట్ గిడ్డంగి



బీమా యనునది దొరలతో ఓడ దిగిన వ్యవహారమని మనలో పలువురు తలంతురు. నా యభిప్రాయము వేరు. కౌటిల్యుని యర్థశాస్త్రమున నూరు పణముల యప్పునకు నెలకు ఒకటింబావు పణము ధర్మమైన వడ్డి. వర్తకులకు 5, అడవిత్రోవల పోవువారికి 10, సముద్రముపై పోవువారికి 20. అపాయము హెచ్చినకొలది వెల హెచ్చినది. నేటి బీమా రుసుమును కట్టు లెక్కయు నిట్టిదే.

మన దేశమున మోటుపల్లి రేవు కథ యింతకంటె రుచికరము. పూర్వము గాలివానకు ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో రాజులే దానిని హరించెడివారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అచట శాసనము వేయించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని పరదేశ వర్తకులకు అభయమిచ్చెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మరల అభయశాసనము వేయించెను. నడుమ రాజ్యము మారెననుట నిజమే; అయినను ఆ మొదటి మాట యెంతకాలము నిలిచినదో యని నాకు సందేహము కలుగుచుండును. ఇది బీమా కాదు. నష్టమునకు బదులు సొమ్మెవ్వరును చెల్లింపలేదు. కాని వర్తకుని నష్టము దేశమునకు నష్టమని గుర్తించుట ఇందు గలదు.

1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో జీవిత బీమా, 1973లో తక్కిన బీమాలు ప్రభుత్వపరమయ్యెను. 1999 నాటి చట్టముతో ప్రైవేటువారికి మరల ద్వారము తెరువబడెను. ఆ వ్యాపారమును నియమించు సంస్థ నేడు హైదరాబాదుననే యున్నది.

ఇక పెద్ద అంబర్‌పేట్ సంగతి. విజయవాడ రహదారిని బాహ్యవలయ రహదారి కలిసికొను తావు అది. అట్టి తావున గిడ్డంగి గల చిన్న వర్తకుడు సరకునకు అగ్ని బీమా చేయించును. మరి ఖాతాలు? అవి కంప్యూటరున నుండును. దొంగ దూరమునుండియే వానికి తాళము వేసి, సొమ్మిచ్చినగాని తీయనను. ఖాతాదారుల వివరములు పోయినచో, వారికి కలిగిన నష్టమునకు వర్తకుడే బాధ్యుడు కావలసివచ్చును. 2008లో సమాచార సాంకేతిక చట్టమును సవరించినపుడు ఈ బాధ్యతలోనికి ఒంటరి వ్యాపారిని సైతము చేర్చిరి.

ఇది ఊహ కాదు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలు ఇట్లే తరలింపబడెను. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్లే దొంగలకు ద్వారమైనవని పోలీసులు తేల్చిరి. తాళము పగులలేదు, గోడకు కన్నము పడలేదు. రక్షణ నియమములు పాటింపనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల జుల్మానా విధించెను.

ఇట్టి నష్టములకు బీమా 1997లో అమెరికాలో పుట్టినది. ఖాతాలను పునరుద్ధరించు ఖర్చు, వ్యాపారము నిలిచిన దినముల రాబడి, వ్యాజ్యముల వ్యయము, ఇతరులకు చెల్లింపవలసిన పరిహారము సాధారణముగా ఇందు చేరును. జుల్మానాలు పెక్కు పత్రములలో చేరవు. పరరాజ్యములు చేయించు దాడులను మినహాయింపవలెనని లండనులోని లాయిడ్సు సంస్థ 2023 మార్చి 31 నుండి నియమము పెట్టినది. చిన్న అక్షరములలోని ఈ మినహాయింపులనే నేను ముందుగా చదువుదును.

పత్రమిచ్చుటకు ముందు బీమావారు కొన్ని ప్రశ్నలడుగుదురు: ఖాతాలకు ప్రతిని వేరుచోట దాచుచున్నారా? సంకేతపదము ఒక్కటే నలుగురి చేతిలో నున్నదా? ఏజెంటు తొందరపెట్టగా అన్నింటికిని తగినట్లు వ్రాసి, ఆ పని చేయనివానికి, నష్టము వచ్చిననాడు ఆ కాగితమునే చూపి పరిహారము నిరాకరింపవచ్చును.