ఉప్పు ఒకటి వేస్తే రెండయిన కథ

పొడి ఉప్పు గుండా కరెంటు పారదు. స్వేదనజలం గుండా పారేదీ అంతంతమాత్రమే. రెండింటినీ కలిపితే మాత్రం జోరుగా పారుతుంది. 1880ల ఆరంభంలో స్వీడన్ యువకుడు స్వాంటే అర్హీనియస్‌ను పట్టుకున్న చిక్కుముడి ఇదే.

ద్రావణంలో కరెంటును మోసే కణానికి అయాన్ అన్న పేరు కొత్తది కాదు, 1834లోనే శాస్త్రవేత్త ఫారడే పెట్టాడు. అయితే కరెంటు పంపితేనే అయాన్లు విడివడతాయని చాలామంది నమ్మేవారు. అర్హీనియస్ స్టాక్‌హోంలో ద్రావణాలను పలచన చేస్తూ వాటి విద్యుత్ వాహకతను కొలిచాడు. పలచనయ్యేకొద్దీ, వేసిన పదార్థంలో కరెంటును మోసే భాగం పెరుగుతోంది! 1883 మే 17 రాత్రి ఈ ఆలోచన ఓ కొలిక్కి వచ్చేదాకా నిద్రపోలేకపోయానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

మరుసటి ఏడాది ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆ ఆలోచనతో రాసిన సిద్ధాంతవ్యాసానికి దక్కింది నాలుగో తరగతి. అక్కడ అధ్యాపకుడయ్యే దారి దాదాపు మూసుకుపోయింది. ప్రతులను విదేశాలకు పంపాడు. రీగాలో ఉన్న రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ చదివి, ఆ వేసవిలోనే ఉప్సాలాకు వచ్చి ఆయన్ను కలిశాడు.

బలమైన సాక్ష్యం గడ్డకట్టే నీళ్లలో దొరికింది. కిలో నీళ్లలో ఒక మోల్ (కణాలను లెక్కించే కొలమానం) చక్కెర కరిగిస్తే ఘనీభవన స్థానం సుమారు 1.86 డిగ్రీలు తగ్గుతుంది. పలచని ద్రావణాల్లో ఆ తగ్గుదలను నిర్ణయించేది కణాల సంఖ్యే, వాటి జాతి కాదు. అన్నే మోల్‌ల ఉప్పు వేస్తే మాత్రం తగ్గుదల దాదాపు రెట్టింపు! డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ఈ తేడాను ఒక గుణకంగా రాసిపెట్టాడు. దాని అర్థాన్ని 1887లో అర్హీనియస్ విప్పాడు: నీళ్లలో పడ్డ ఉప్పు ఒకటి రెండవుతోంది. విడదీసేది కరెంటు కాదు, నీళ్లే. వాహకతతో కట్టిన లెక్క, ఘనీభవనంతో కట్టిన లెక్క చాలా పదార్థాల్లో దగ్గరగా కలిశాయి.

నీళ్లు తగిలితే భగ్గుమనే సోడియం, విషవాయువైన క్లోరిన్ ఉప్పునీళ్లలో ఎలా ఉంటాయని చాలామందికి అనుమానం వచ్చింది. ఆవేశం పొందిన అయాను గుణం వేరు, మూలకం గుణం వేరు అన్నదే జవాబు. నీటి అణువుకు ఒక కొసన కాస్త ఋణావేశం, మరో కొసన ధనావేశం ఉంటాయని తర్వాతి తరం తేల్చింది. నీటి అణువులు అయాన్ల చుట్టూ మూగి, మళ్లీ అతుక్కోకుండా ఆపుతాయి. చక్కెర అణువు చుట్టూనూ మూగుతాయి కానీ అది ముక్కలు కాదు.

నాలుగో తరగతి వచ్చిన ఆ ఆలోచనకే 1903లో నోబెల్ వచ్చింది.

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ లీటరులో ఉప్పు 9 గ్రాములే. గ్లూకోజ్ సీసాలోనైతే లీటరుకు 50 గ్రాములు. అయినా కణాల సంఖ్యను బట్టే మారే ద్రవాభిసరణ పీడనంలో రెండూ రక్తానికి దగ్గరగానే ఉంటాయి. ఉప్పుతో పోలిస్తే గ్లూకోజ్ అణువు బరువు మూడింతలు కావడం ఒక కారణం. ఉప్పు రెండుగా విడిపోవడం రెండోది. ఆ రెండో కారణం కోసమే అర్హీనియస్ ఓ రాత్రి మేలుకున్నాడు.