మూడు సెంట్ల సంతకం

1935 వేసవిలో అమెరికా ప్రతినిధుల సభలో పెన్సిల్వేనియా సభ్యుడు డెనిస్ డ్రిస్కాల్‌కు టెలిగ్రాములు కట్టలుకట్టలుగా వచ్చాయి. విద్యుత్ హోల్డింగ్ కంపెనీలకు ముకుతాడు వేసే బిల్లును ఓడించాలని వాటి సారాంశం. వారెన్ అనే ఒక్క పట్టణం నుంచే వందల్లో వచ్చాయి. పైగా పేర్లలో చాలావరకు ఇంగ్లిష్ అక్షరమాలలోని తొలి అక్షరాలతో మొదలయ్యేవే. అనుమానం వచ్చి సెనేటర్ హ్యూగో బ్లాక్ విచారణ జరిపితే గుట్టు రట్టయింది. అసోసియేటెడ్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ తరఫున సంతకానికి 3 సెంట్ల చొప్పున ఇచ్చి తంతి కుర్రాడి చేత పేర్లు సేకరించారు. ఆ టెలిగ్రాముల అసలు ప్రతుల్ని తగలబెట్టేశారు. చట్టసభకు మొర పెట్టుకునే వీలు అందరికీ ఉండాల్సిందే. అయితే ఆ మొరకు డబ్బు పెట్టింది ఎవరో తెలిస్తేనే దానికి ఎంత విలువ ఇవ్వాలో సభ్యుడికి అర్థమవుతుంది. డబ్బు తీసుకుని చట్టసభ సభ్యులను ప్రభావితం చేసే లాబీయిస్టుల నమోదుకు అసలు కారణం ఇదే.

1946లో అమెరికా నమోదును తప్పనిసరి చేసింది. ఇది వాక్‌స్వాతంత్ర్యానికి సంకెళ్లని వాదించినవారికి 1954లో హారిస్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది: చట్టం చెల్లుతుంది, అయితే ప్రధానంగా చట్టసభ సభ్యులను ప్రభావితం చేసే పనికే వర్తిస్తుంది. అంత ఇరుకైన వ్యాఖ్యానానికి ఫలితం 1991లో తేలింది. వాషింగ్టన్ లాబీయిస్టుల డైరెక్టరీలో ఉన్న సుమారు 13,500 పేర్లలో దాదాపు 10,000 నమోదే కాలేదని ప్రభుత్వ ఆడిట్ సంస్థ చెప్పింది. 1995 నాటి కొత్త చట్టం చాలా రంధ్రాలు పూడ్చింది. కానీ జనం చేత ఉత్తరాలు రాయించే ప్రచారాన్ని వదిలేసింది. వారెన్‌లో జరిగిన మోసమే ఈ చట్టానికి దొరకదు! 2007లో అలాంటి ప్రచారాన్ని కూడా చట్టంలో చేర్చబోతే సెనేట్ తిరస్కరించింది.

బయటపెట్టడం వల్ల బలహీనుల సంఘాలు వేధింపులకు గురవుతాయనే భయం నిజమైనదే. అలబామా రాష్ట్రం నల్లజాతి హక్కుల సంఘాన్ని సభ్యుల జాబితా అడిగితే 1958లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అది న్యాయమే. అయితే సభ్యుల పేర్లు దాచడం వేరు, లాబీయిస్టుకు జీతమిచ్చే కంపెనీ పేరు చెప్పడం వేరు. ఆ పేరు తెలియడం ఎంత అవసరమో మన అనుభవమే చెబుతుంది: 2012 డిసెంబరులో మన పార్లమెంటు అట్టుడికింది. భారత మార్కెట్ ప్రవేశంతో సహా పలు అంశాలపై వాల్‌మార్ట్ లాబీయింగ్ ఖర్చు అమెరికా రికార్డుల్లో కనిపించినందుకే ఆ గొడవ. ప్రభుత్వం జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ జరిపించింది. మన చిల్లర వ్యాపారంపై నిర్ణయం వెనుక ఎవరి డబ్బు కదులుతోందో తెలుసుకోవడానికి పరాయి దేశపు రిజిస్టరు తిరగేయాల్సి వచ్చింది. ఎందుకంటే ఇక్కడ అలాంటి రిజిస్టరు లేదు.